అమ్మగారొస్తే సైకిలు దిగేవాళ్లు

తెల్లవారకముందే లేచి వ్యాను అద్దం తుడవడం డెబోరమ్మ గారి అలవాటు. మాది సముద్రానికి దగ్గర ఊరు. రాత్రి కురిసిన మంచులో ఉప్పు కూడా ఉంటుంది. పొడి గుడ్డతో తుడిస్తే అద్దం మీద తెల్లని చారలు పడతాయి. ఎదురు బండి లైటు పడగానే ముందేమీ కనపడదు. అందుకని ఆమె ఒక చెంబు మంచినీళ్లు, పాత నూలు చీర ముక్క తెచ్చుకుని అద్దం కడిగి, తుడిచి, మళ్లీ కడిగేవారు. ఆ తుడిచినంతసేపూ ప్రార్థన చేసుకునేవారు. మెల్లగానే చేసుకునేవారు గానీ ఆ వేళ ఊరంతా సద్దుమణిగి ఉండటంతో పక్కిళ్లకు వినపడేది.

"ప్రభువా, రొయ్యల గుంటలకు పోయే బిడ్డల్ని ఎడమ పక్కనే నడిపించు. జడ్సన్ పాలక్యాన్లు ఊగకుండా పట్టుకో. ఆ సరుగుడు కర్రలు కట్టుకొచ్చే ఆయనకి ఈ ఒక్కరోజు ఇంకేదన్నా పని చూపించు తండ్రీ."

ఇంట్లో మంచం మీద కూర్చుని చొక్కా గుండీలు పెట్టుకుంటున్న హెబ్రోను అయ్యగారికి నవ్వొచ్చేది.

"రోడ్డు మీద వాళ్లనందరినీ మార్చమని అడగతా ఉండావు డెబోరా. నీకు ధైర్యం ఇమ్మని అడగరాదా?"

"అదీ అడిగినాను. ఇంకా రాలేదు," అనేవారు ఆమె.

హెబ్రోను అయ్యగారు మా ప్రార్థన మందిరానికి పాస్టరు. డెబోరమ్మ గారు ఆయన భార్య. బోగోలు మండలంలో సముద్రం వైపున్న మా ఊరికి వాళ్లిద్దరూ పెళ్లైన కొత్తలో వచ్చారు. అప్పటికి మందిరం తాటాకు పాక. అయ్యగారు తానే ఇసుక జల్లెడ పట్టి, ఇటుకలు మోసి, బేల్దారులతో కలిసి గోడలు లేపారు. అమ్మగారు ఆడపిల్లలకు కుట్టుపని నేర్పారు. జ్వరం వచ్చిన ఇంటికి గంజి కాచి తీసుకుపోయేవారు. తుఫాను హెచ్చరిక వచ్చి బోట్లు ఆలస్యమైతే ఒడ్డున ఆడవాళ్ల మధ్య కూర్చుని, ఆఖరి బోటు కనపడేదాకా లేచేవారు కాదు. ఏ ఇంట్లో ఏ బిడ్డ అన్నం తినకుండా అలిగిందో కూడా ఆమెకు తెలుసు.

అలాంటి మనిషికి ఊరు ఇచ్చే గౌరవం ఒకటుంది. అయ్యగారో అమ్మగారో ఎదురైతే సైకిలు మీద ఉన్నవాడు దిగుతాడు. దిగి నిలబడి, చెయ్యెత్తి, "వందనాలమ్మగారూ," అంటాడు. ఆమె దాటిపోయాకే మళ్లీ ఎక్కుతాడు. ఇది ఎవరు పెట్టిన పద్ధతో తెలియదు. నడిచిపోయే పెద్ద మనిషితో సీటు మీద కూర్చుని మాట్లాడటం బాగుండదని మొదలై ఉంటుంది. వాళ్లిద్దరూ ఊళ్లో నడిచి తిరిగినన్నాళ్లూ అది చూడముచ్చటగా ఉండేది. ఆ గౌరవమే ఒకరోజు ఆమెను ఏడిపిస్తుందని ఎవరం అనుకోలేదు.

అయ్యగారికి మూత్రపిండాలు చెడిపోయాయి. వారానికి మూడుసార్లు కావలిలో ఆసుపత్రికి పోయి డయాలసిస్ చేయించుకోవాలి. వాళ్లకు దొరికింది తెల్లవారుజాము వంతు. తొలి బస్సు మా ఊరికి వచ్చేసరికి ఆ వంతు దాటిపోతుంది. ఆటోలన్నీ ఆ వేళకు చేపల కోసం ఒడ్డున ఉంటాయి. మొదట్లో మందిరం వ్యాను నడిపే వినోద్ తీసుకుపోయేవాడు. వాడికి సూళ్లూరుపేటలో పర్మినెంటు డ్రైవరు ఉద్యోగం వచ్చింది. పోనని మొండికేస్తే అమ్మగారే తిట్టి పంపించారు. ఆ తర్వాత సంఘంలో బండి నడపడం వచ్చినవాళ్లు వంతులు వేసుకుని వచ్చారు. అందరూ వేటకో గుంటలకో పోయేవాళ్లే. తమ పని మానుకుని వస్తున్నట్టు ఒక్కరూ పైకి చెప్పలేదు. కానీ ఆమెకు తెలుస్తుంది గదా.

ఈలోగా నెల్లూరులో ఉన్న అయ్యగారి అన్న రోజూ ఫోను చేస్తున్నాడు. ఇక్కడికి వచ్చేయండి, మా ఇంటి నుంచి ఆసుపత్రి నడిచిపోయే దూరం, ఆ ఊరికి ఇంకో పాస్టరును పంపిస్తారులే అని. అయ్యగారు ఫోను పెట్టేసి మందిరంలోకి పోయి, బల్లలు సరిగా ఉన్నా మళ్లీ సర్దేవారు.

"నెల్లూరు పోతే ఆయన ఒట్టి పేషెంటు. ఇక్కడుంటే అయ్యగారు," అన్నారు డెబోరమ్మ గారు కుట్టు మిషను దగ్గర ఆడవాళ్లతో. "నేను బండి నేర్చుకుంటా."

అప్పటికి ఆమెకు యాభై దాటాయి. జన్మలో సైకిలు కూడా తొక్కి ఎరగరు. చిన్నప్పుడు కావలి దగ్గర వాళ్ల పల్లెలో నాన్న సైకిలు క్యారియరు మీద కూర్చుని బడికి పోవడం ఒక్కటే తెలుసు.

కావలిలో డ్రైవింగు నేర్పే సిలార్ దగ్గర చేరారు. సిలార్ మాట దురుసు. మొదటి రోజు ఆమె స్టీరింగు మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకున్నారు.

"అమ్మా, దువా మీరూ చేసుకోండి, నేనూ చేసుకుంటా," అన్నాడు సిలార్. "కానీ కళ్లు తెరిచి చేసుకుందాం. బండి స్టార్టులో ఉండాది."

ఇంకోరోజు, "క్లచ్చి మీద నుంచి కాలు తియ్యండి తల్లీ. కాలు పెట్టుకునే పీట కాదది," అన్నాడు.

అలా అంటూనే రంజాను నెలలో గుక్కెడు నీళ్లు తాగకుండా ఎండలో పక్కన కూర్చుని నేర్పాడు. ఆమెకు మాత్రం దారిలో ఆపి టీ ఇప్పించి, తాను వెనక్కి తిరిగి టైర్లలో గాలి చూసుకునేవాడు. ఆ సంగతి ఆమె ఇప్పటికీ చెబుతారు. లైసెన్సు వచ్చిన రోజు సిలార్ ఒకే మాట చెప్పి పంపాడు. "లారీకి భయపడబాకండి. వాడు యాడికి పోతాడో చూస్తే తెలిసిపోతాది. సైకిలుకి భయపడండి."

భయపడమని చెప్పనక్కర్లేకపోయింది.

మా ఊరి నుంచి పెద్ద రోడ్డు దాకా ఉన్న దారి రెండు బండ్లు ఎదురైతే ఒరుసుకుంటూ పోవడానికి సరిగ్గా సరిపోతుంది. ఒక పక్క రొయ్యల గుంటల కట్టలు, ఇంకో పక్క సరుగుడు తోటలు. తారు అంచులు విరిగిపోయి, అది దాటితే మెత్తటి ఇసుక. తెల్లవారుజామున ఆ రోడ్డంతా సైకిళ్లే. గుంటలకు మేత వేయడానికి పోయే కూలీలు, పాలవాళ్లు, ఒడ్డు నుంచి చేపలు తీసుకుని పల్లెల మీదికి పోయేవాళ్లు. అందరూ తెలిసినవాళ్లే. అదే వచ్చిన చిక్కు. మందిరం వ్యాను ముందు భాగం మీద పెద్ద నీలం అక్షరాలతో సంఘం పేరు రాసి ఉంటుంది. ఎంత దూరం నుంచైనా అది అయ్యగారి బండని తెలిసిపోతుంది.

తెలిసిపోగానే దిగుతారు. ముందుపోయేవాడు హారను విని వెనక్కి చూస్తాడు, చూడగానే దిగుతాడు. ఎదురొచ్చేవాడు దిగుతాడు. దిగి నిలబడితే సైకిలు, మనిషి, మోపు కలిసి రోడ్డులో సగం. ఆమె బ్రేకు తొక్కుతారు, బండి ఆగిపోతుంది. మళ్లీ స్టార్టు చేసేలోపు అతను, "వందనాలమ్మగారూ, అయ్యగారికి ఒంట్లో ఎట్టుండాది?" అని అడుగుతాడు. అడిగినవాడికి జవాబు చెప్పకుండా ఎలా పోతారు?

ఇది చాలదన్నట్టు పక్క సీట్లో అయ్యగారు. ఆయన ప్రతి సైకిలుకీ కిటికీలోంచి చెయ్యెత్తేవారు.

"మీరు చెయ్యెత్తబాకండి," అనేవారు ఆమె పళ్లు బిగబట్టి.

"వాడు వందనాలంటా ఉండాడు గదా."

"మీరెత్తితే వాడెత్తతాడు. వాడెత్తితే ఒంటి చేత్తో సైకిలు నా మీదికొస్తాది."

"సరే, ఎత్తను," అనేవారు ఆయన. మలుపు తిరగ్గానే చెయ్యి మళ్లీ కిటికీ బయట ఉండేది.

దిగకుండా పోయేవాళ్లు కూడా ఆమెకు సమస్యే. దాటాలంటే కుడి వైపు ఎంత చోటుందో అంచనా దొరకదు. అందుకని రెండో గేరులో వాళ్ల వెనకే పోయేవారు. సరుగుడు కర్రలు సైకిలుకి పొడుగునా కట్టుకుని, పక్కన నడుస్తూ తోసుకుపోయే ఆయన వెనక ఒకరోజు పెద్ద రోడ్డు దాకా పోయారు. వెనక రొయ్యల మేత లారీ హారను మీద చెయ్యి తీయలేదు. చివరకు దాటుతూ ఆ డ్రైవరు తల బయట పెట్టి, "ఏందమ్మా, కర్రలకి కాపలా పోతా ఉండావా?" అని అడిగాడు.

ఆమె ఆసుపత్రి ముందు బండి ఆపి, అయ్యగారు దిగి లోపలికి పోయాక, స్టీరింగు మీద తల పెట్టుకుని, "పక్కకి జరిగితే వీళ్ల సొమ్మేం పోతాది ప్రభువా," అనుకున్నారట.

ఆలస్యంగా వస్తే డయాలసిస్ నర్సు షాహీన్ కోప్పడేది. "అమ్మా, ఇంకొకరికి మెషీను ఇచ్చేస్తా," అని ప్రతిసారీ అనేది, ఇవ్వకుండా కాసేపు ఆపేది. ఒక శుక్రవారం ఆపలేకపోయింది. కందుకూరు నుంచి ఆయాసంతో వచ్చిన ముసలామెను ఆ మంచం మీద పడుకోబెట్టారు. అయ్యగారు సాయంత్రం దాకా బయట బల్ల మీద కాళ్లు వాచి కూర్చున్నారు.

"తప్పు నాది కాదమ్మా," అంది షాహీన్ దగ్గరికొచ్చి. "ఇట్టా జరగతా ఉంటే మీ వంతు మార్చేస్తారు. పొద్దుటి పూట ఇంక దొరకదు. రాత్రి వంతు ఇస్తారు."

రాత్రి వంతు అంటే ఆ రోడ్డు మీద నడిరాత్రి చీకట్లో తిరిగి రావడం. అది ఆమె వల్ల కాదని అందరికీ తెలుసు. నెల్లూరు పోవడమే ఇక.

ఆ తర్వాత సోమవారం ఆమె మామూలు కంటే తొందరగా బయల్దేరారు. ఎలాగైనా దాటుకుంటూ పోవాలని గట్టిగా అనుకున్నారు. ముందు సైకిలు మీద చేపలమ్మే సమాధానం పోతున్నాడు. సమాధానం మా సంఘం మనిషే; అమ్మగారి కంటే కొంచెం చిన్నవాడు. సైకిలు వెనక చేపల పెట్టె, దాని మీద ఐసు, పైన తడి గోనె. ఎదురుగా దూరంగా లారీ వస్తోంది. లారీ వచ్చేలోపు దాటేయవచ్చని ఆమెకు అనిపించింది. హారను కొట్టి, కుడికి తిప్పి, యాక్సిలరేటరు తొక్కారు.

సమాధానం హారను విని కుడి భుజం మీదుగా వెనక్కి చూశాడు. నీలం అక్షరాలు చూశాడు. దిగబోయాడు. వెనక అంత ఎత్తు పెట్టె ఉన్నవాడు కాలు వెనక్కి తిప్పి దిగలేడు. ముందు నుంచి కడ్డీ మీదుగా తీయాలి. అలా తీసేటప్పుడు హ్యాండిలు కుడికి తిరిగింది. కిటికీలోంచి అయ్యగారి చెయ్యి అప్పటికే లేచి ఉంది. ఎదురు లారీ దగ్గరికి వచ్చేసింది, ఇంకా కుడికి పోవడానికి చోటు లేదు. వ్యాను పక్క అద్దం పెట్టెకు తగిలింది.

బండి ఆపి ఆమె దిగి పరుగెత్తేసరికి సమాధానం ఇసుకలో పడి ఉన్నాడు. సైకిలు అతని మీద, వంజరం, కానాగంత చేపలు రోడ్డంతా. ఎడమ మణికట్టు అప్పుడే వాస్తోంది. అతను పడుకునే కుడి చెయ్యి ఎత్తి, "వందనాలమ్మగారూ," అన్నాడు. తర్వాత, "మీరు పోండి, అయ్యగారికి టైమైపోతాది," అన్నాడు.

అప్పుడు ఆమెకు ఏడుపొచ్చింది. భయంతో కాదు, కోపంతో. "నిన్నెవరు దిగమన్నారు?" అని అరిచారు. ఆమె అరవడం ఊళ్లో అంతకు ముందు ఎవరూ వినలేదు.

ఎదురొచ్చిన లారీ అతను బండి ఆపి దిగాడు. పేరు కూడా చెప్పలేదు. చేపలన్నీ ఏరి పెట్టెలో వేసి, సైకిలును గుంటల కాపలావాడి గుడిసె దగ్గర పెట్టి, సమాధానాన్ని వ్యాను వెనక సీట్లో కూర్చోబెట్టాడు. పెట్టె కూడా బండిలోనే. కావలి దాకా ఐసు నీళ్లు అయ్యగారి చెప్పుల కిందికి కారుతూనే ఉన్నాయి. ఆసుపత్రిలో ఒకరిని ఒక వార్డుకి, ఇంకొకరిని ఇంకో వార్డుకి పంపి, ఆమె రెండింటికీ మధ్య వరండాలో నిలబడ్డారు. ఎముకలో చిన్న పగులు, కట్టు కట్టాలి అన్నారు. ఆ చేపల్ని షాహీన్ నర్సులందరికీ తలా కొంచెం అమ్మిపెట్టింది.

ఆ రోజు ఇంటికి రాగానే ఆమె వ్యాను తాళం బియ్యం డబ్బాలో వేసి మూత పెట్టేశారు.

ఊరంతా ఓదార్చడానికి వచ్చింది. మీ తప్పేమీ లేదమ్మగారూ, వాడికే చూపు సరిగ్గా ఆనదు అన్నారు కొందరు. సాతాను చేసిన పనండీ అన్నారు ఇంకొందరు. నేను చెయ్యెత్తకుండా ఉండాల్సింది అని అయ్యగారు. వచ్చినవాళ్లందరికీ ఆమె టీ ఇచ్చారు. వాళ్లు పోయాక గ్లాసులు కడుగుతూ విసుక్కున్నారు. "ఒక్కరన్నా నిజం చెప్పరు. అందరూ మంచోళ్లే. నేనే గుద్దినాను. ఎందుకు గుద్దినానో చెప్పే దిక్కు లేదు."

ఐసు ఫ్యాక్టరీ నరేంద్రబాబు తన కారులో అయ్యగారిని తీసుకుపోవడం మొదలుపెట్టాడు. ఆయన మా సంఘం మనిషి కాదు. ప్రతి శనివారం వెంకటేశ్వరస్వామికి ఉపవాసం ఉండే మనిషి. అడగకుండానే వచ్చి గుమ్మం ముందు కారు ఆపాడు. "నేను వట్టిగా పోతా ఉండా కావలికి, పక్కన మాటకి మనిషుంటే మంచిదే గదా," అన్నాడు. వట్టిగా పోవడం లేదని ఆయన ఫోను మోగుతూనే ఉండటం చూస్తే తెలుస్తుంది.

నాలుగైదు రోజుల తర్వాత డెబోరమ్మ గారు బ్రెడ్డు, అరటిపండ్లు తీసుకుని సమాధానం ఇంటికి వెళ్లారు. సమాధానం వసారాలో కట్టుతో కూర్చుని ఉన్నాడు, చూసి లేవబోయాడు. అతని భార్య రాఘవమ్మ గుమ్మంలో చేపలు తోముతోంది. తల ఎత్తలేదు.

"కూర్చో తమ్ముడూ, లేవబాక," అన్నారు అమ్మగారు. "నొప్పి తగ్గిందా?"

"తగ్గిపోయిందమ్మగారూ. అసలు నొప్పే లేదు. నాదే తప్పు."

"నీది కాదు," అంది రాఘవమ్మ కింద నుంచి.

"గమ్మునుండు మే," అన్నాడు సమాధానం.

"ఎందుకు గమ్మునుండాలా? ఇన్నాళ్లూ అందరూ గమ్మునున్నందుకే గదా ఇట్టైంది." రాఘవమ్మ చేతులు కడుక్కుని లేచింది. "అమ్మగారూ, కోపం తెచ్చుకోబాకండి. మీ బండి సప్పుడు వింటే ఈ రోడ్డు మీద మొగోళ్లందరికీ గుండె జారిపోతాది. వెనకమాలొచ్చి హారను కొడతారు. కొట్టినాక తిరిగి చూడకుండా ఎట్టుంటారు? చూస్తే మీరు. మీరైతే దిగాలా. దిగితే మీరు గుద్దతారు. దిగకపోతే మర్యాద లేనోడంటారు."

"పక్కకి జరగొచ్చు గదా రాఘవమ్మా," అన్నారు డెబోరమ్మ గారు. అన్నాళ్లుగా అడగాలనుకున్న ప్రశ్న అదే.

"యాడికి జరిగేది? పక్కన ఇసక. మణుగు బరువు పెట్టుకుని ఇసకలోకి దిగితే ముందు చక్రం కూరుకుపోతాది, మనిషి మొహం మీద పడతాడు. తారు మీదే పోవాలా. మీరెప్పుడన్నా సైకిలు తొక్కినారా?"

"లేదు."

"అందుకే తెలీదు. మీ తప్పు గాదులే. చెప్పనోళ్ల తప్పు." "టీ తాగతారా?" అని అడిగింది.

అమ్మగారు టీ తాగారు. తిరిగి వస్తూ దారిలో చెప్పులు విప్పి రోడ్డు పక్క ఇసుకలో నడిచి చూశారు. కాళ్లు చీలమండల దాకా దిగబడ్డాయి. ఇన్నేళ్లు ఆ దారినే తిరిగారు. వీళ్లు మొండితనంతో తారు దిగడం లేదని నెలల తరబడి ప్రభువు దగ్గర పితూరీలు చెప్పారు. ఇంటికొచ్చి ఆ మాట అయ్యగారికి చెప్పారు.

ఆదివారం ఆరాధన అయ్యాక అయ్యగారు ప్రకటన చేశారు. మందిరం బండి కనపడితే ఎవరూ సైకిలు దిగవద్దు, వందనాలు చెప్పవద్దు, తమ దారిన తాము పోవాలి, అది దేవునికీ ఇష్టమే అని. అందరూ తలలు ఊపారు.

ఏం లాభం. నరేంద్రబాబు కారులో ముందు సీట్లో అయ్యగారిని చూసి మర్నాడే ముగ్గురు దిగారు. ప్రకటన బండి గురించి గదా, ఇది కారు గదా అన్నారు. ఒకతను దిగకుండా ఉండటానికి మొహం పక్కకి తిప్పుకుని నేరుగా గుంట కట్ట ఎక్కేశాడు. జడ్సన్ అయితే దూరం నుంచే కళ్లు మూసుకున్నాడు. "చూస్తే దిగకుండా ఉండలేనండీ," అని తర్వాత సంజాయిషీ చెప్పుకున్నాడు. పాలక్యాన్లతో కళ్లు మూసుకుని సైకిలు తొక్కే మనిషిని తలుచుకుని అమ్మగారు తల పట్టుకున్నారు.

అంతలో ఐసుకు గిరాకీ ఉండే వేట సీజను ముంచుకొచ్చింది. నరేంద్రబాబు ఏమీ అనలేదు గానీ, రెండుసార్లు ఫ్యాక్టరీలో పని ఆగిపోయిందని కూలీల ద్వారా తెలిసింది. నెల్లూరు నుంచి అన్న మళ్లీ ఫోను చేశాడు. పక్క వీధిలో ఇల్లు చూశాను, వచ్చే నెల ఖాళీ అవుతుంది, మాట ఇచ్చేయమంటావా అని అడిగాడు. అయ్యగారు భార్య వైపు చూశారు.

"ఆదివారం దాకా ఆగమనండి," అన్నారు ఆమె.

బియ్యం డబ్బాలోంచి తాళం తీసి బండి అయితే ఎక్కారు. ఊరి చివర మలుపు దాకా పోయారు. ముందు ఒక సైకిలు కనపడింది. ఎవరో గుర్తుపట్టకముందే కాలు బ్రేకు మీదికి పోయింది. హారను కొట్టకూడదని ఇప్పుడు తెలుసు. దూరం ఉంచి పోవాలని తెలుసు. దాటడానికి ఎంత చోటు కావాలో మాత్రం ఇప్పటికీ తెలియదు. అది తెలియాలంటే ఎవరినో ఒకరిని దాటాలి. దాటాలంటే ధైర్యం కావాలి. అక్కడి నుంచే వెనక్కి తిప్పుకుని వచ్చారు. ఆ రోజు అయ్యగారికి అన్నం వడ్డిస్తూ గరిటె విసిరేసినంత పని చేశారు.

శనివారం మధ్యాహ్నం, ఎండకు రోడ్డు మీద పురుగు కూడా లేని వేళ, వ్యాను నడుపుకుంటూ సమాధానం ఇంటికి పోయారు. అతని కట్టు తీసేసి వారమైంది. కొత్త పెట్టెను క్యారియరుకి తాడుతో బిగిస్తున్నాడు. రాఘవమ్మ గుమ్మంలో కూర్చుని తాడు ఇంకో కొస పట్టుకుని ఉంది.

అమ్మగారు బండి దిగి, వాళ్లు లేవకముందే ఎదురుగా నేల మీద కూర్చున్నారు.

"అయ్యయ్యో, పీట తెస్తానుండండి," అన్నాడు సమాధానం.

"వద్దు. చెయ్యెట్టా ఉండాది?"

"బాగుండాదమ్మగారూ. నిన్న ఐసు గడ్డ కూడా ఎత్తినా."

"అయితే నీతో పనుండాది తమ్ముడూ. చెప్తా, విన్నాక కుదరదంటే కుదరదని చెప్పు. నా మొహం చూసి సరే అనబాక." ఆమె కొంగుతో చెమట తుడుచుకున్నారు. "రేపు నెల్లూరుకి మాటిచ్చేస్తారు. నాకేమో సైకిలు చూస్తే కాలు వణకతా ఉండాది. నిన్ను పడేసినాక మరీ ఎక్కువైంది."

సమాధానం తాడు వదిలేశాడు. రాఘవమ్మ వదల్లేదు, గట్టిగా పట్టుకునే ఉంది.

"మీరు పోతే మా ఇంట్లో ప్రార్థనలెవరు చేస్తారు?" అన్నాడతను.

"అందుకే వచ్చినా. ఇప్పుడు రోడ్డు మీద ఎవరూ లేరు. నువ్వు పెట్టెలో ఇసకో రాళ్లో వేసుకుని, గుంటల కట్ట పక్కన రోడ్డు మీద తొక్కు. నేను బండితో నీ వెనక వస్తా. హారను కొట్టను. నిన్ను దాటతా. దాటినాక తిప్పుకుని వచ్చి మళ్లా దాటతా. నా కాలు వణకడం ఆగేదాకా."

"మళ్లా గుద్దితే?" అని అడిగింది రాఘవమ్మ.

"గుద్దనని చెప్పలేను రాఘవమ్మా. నెమ్మదిగా వస్తా. నువ్వు నా పక్క సీట్లో కూర్చో. చోటు చాలదనిపిస్తే నన్ను తిట్టు. మా ఆయన తిట్టడు, ఊళ్లో ఇంకెవరూ తిట్టరు."

రాఘవమ్మ మొగుడి వైపు చూసింది. సమాధానం తల గోక్కున్నాడు.

"తొక్కడం పెద్ద పని కాదమ్మగారూ. మీరు పక్కకొచ్చినాక దిగకుండా ఉండటమే... చిన్నప్పటి నుంచి అలవాటు. నా వల్ల అవతాదో లేదో."

"అదే నేను అడిగేది," అన్నారు డెబోరమ్మ గారు. ఆమె రెండు చేతులూ జోడించబోయి, అది చూస్తే అతను మళ్లీ లేచి నిలబడతాడని తెలిసి ఒళ్లో పెట్టుకున్నారు. "నేను పక్కకొచ్చినా సరే, నా వైపు చూడబాక. చెయ్యెత్తబాక. వందనాలనబాక. నేనెవరో తెలీనట్టు, ఎవరో దారిన పోయే మనిషి పోతా ఉన్నట్టు, నీ పాటికి నువ్వు తొక్కతా పో. ఈ ఒక్క సాయం చెయ్యి తమ్ముడూ."